డాక్టరుగారికీ సర్వీసు రిజిష్టరు కావాలి
(క్రిందటి ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇప్పుడే శాస్త్రులవారు పంచాంగం చదివి వినిపించారు. ఎవరి ఆదాయమెంతో, ఎవరి వ్యయమెంతో చెప్పారు. నా రాశికి ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు అన్నారు. రైల్వే గుమాస్తాకు ఆ సంగతి పంచాంగం చూడకుండానే తెలుసు. ఇటువంటి శుభసమయాన ఆసుపత్రులూ, కత్తులూ, కోతలూ అని మాట్లాడబోతున్నందుకు ముందుగానే క్షమించమని కోరుతున్నాను. కార్యదర్శిగారు నన్ను పిలిచి "నలుగురికీ పనికివచ్చే సంగతి ఏదైనా అరగంట మాట్లాడవోయ్" అన్నారు. "అయ్యా, నాకు పద్యాలు రావు, వేమనను గురించి మాట్లాడగలవారు మనలో పదిమంది ఉన్నారు, నాకు తెలిసినవల్లా ఫైళ్ళు" అన్నాను. "అయితే ఫైళ్ళ గురించే చెప్పు" అన్నారు. కనుక చెబుతున్నాను. కాకపోతే ఇవి డాక్టర్ల ఫైళ్ళు.

నా చదువు మెట్రిక్. పంతొమ్మిదో ఏట గ్యాంగులో చేరి, ఈ ఖుర్దా రోడ్డుకూ పలాసకూ మధ్య నాలుగేళ్ళు పట్టాలమీద సుత్తి మోసి, తరువాత డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి గుమాస్తానయ్యాను. ఇప్పుడు నా బల్లమీద ముఖ్యంగా మూడు రిజిష్టర్లు ఉంటాయి. మొదటిది కొత్తగా చేరినవారి సర్టిఫికెట్లది. కుర్రవాడు తెచ్చిన కాగితం ఎంత మెరుస్తున్నా సరే, దాని నకలు ఆ పరీక్షలబోర్డుకే పంపి, "ఇది మీరిచ్చినదేనా?" అని అడిగి, జవాబు వచ్చిన తరువాతనే "సరిచూడబడినది" అని వ్రాస్తాము. రెండవది యోగ్యతాపత్రాలది. ఎవరికి ఏ పని చేయడానికి పత్రమున్నది, దాని గడువు ఏ తేదీన తీరుతుంది, మళ్ళీ శిక్షణకు ఎప్పుడు పంపాలి, అన్నీ అందులో ఉంటాయి. మూడవది వైద్యపరీక్షలది. బండి నడిపేవారు నలభై అయిదేళ్ళు వచ్చేదాకా నాలుగేళ్ళకొకసారి, యాభై అయిదుదాకా రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా కన్నూ చెవీ చూపించుకోవాలి. తేదీ దాటితే ఎంతటి అనుభవశాలి అయినా ఇంజను ఎక్కడానికి వీలులేదు. "నీకు కాగితాల పిచ్చి" అని నన్ను ఆటపట్టించే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. వారికోసం మా అత్త సంగతి చెబుతాను.

మా మేనత్తను మీలో చాలామంది ఎరుగుదురు. ముందువరుసలోనే కూర్చున్నది. ఆమె సరేనన్న తరువాతనే చెబుతున్నాను, తప్పు చెబితే అక్కడినుంచే సరిదిద్దుతుంది. ఐదేళ్ళ క్రిందట ఆమె కుడికంటికి శుక్లం ముదిరింది. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు అన్నారని ఒక పట్నంలో ఉన్న డే కేర్ సెంటరుకు తీసికొని వెళ్ళాము. ఊరి పేరుగాని, ఆ సెంటరు పేరుగాని నేను చెప్పను. గుమ్మంమీద పెద్ద డాక్టరుగారి పేరు, పేరు వెనుక గూడ్సుపెట్టెల్లాగా డిగ్రీలు. ఆ పేరు చూసే వెళ్ళాము. ఆపరేషను ఇరవై నిమిషాలలో అయిపోయింది. కాఫీ ఇచ్చారు, నల్లకళ్ళద్దాలు ఇచ్చారు, చీకటిపడేసరికి ఇల్లు చేరాము. మరునాటి రాత్రి పోటు మొదలయింది. మూడవనాటికి కన్ను చీము పట్టింది. ఆపైన వేరే పెద్ద ఆసుపత్రి, కంట్లో ఇంజెక్షన్లు, పందొమ్మిది రోజులు. కుడికన్ను దక్కలేదు.

కన్ను పోయినందుకు నేను ఎవరినీ దూషించడం లేదు. ఎంత మంచిచేతిలోనైనా అరుదుగా ఇట్లా జరుగుతుందని తరువాత చూసిన డాక్టర్లే చెప్పారు. నా బాధ వేరే ఉన్నది. ఆ సెంటరుకు వెళ్ళి "ఆపరేషను చేసినది ఎవరు?" అని అడిగాను. బోర్డుమీద పేరున్న పెద్దాయన ఆనాడు ఊళ్ళోనే లేడట. "బయటినుంచి వచ్చే డాక్టరుగారు చేశారు" అన్నారు. ఆయన పేరేమిటంటే ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. చీటీమీద సంతకం కోడి గీరినట్లు ఉన్నది. రిజిస్ట్రేషను నంబరు లేదు. ఆయన కాగితాలు మీ దగ్గర ఉన్నాయా అంటే మేనేజరు నవ్వి, "ఆయన పెద్దపెద్ద చోట్ల చేస్తాడండీ, ఆయనను పరీక్షించడానికి మేమెంతవాళ్ళం?" అన్నాడు. అర్జీ పెడదామని ఫారం తెచ్చుకొన్నాను. దానిలో మొదటి గడిలో డాక్టరు పేరూ, రిజిస్ట్రేషను నంబరూ వ్రాయాలి. ఆ ఒక్క గడీ నింపలేక ఆ ఫారం ఈనాటికీ నా పెట్టెలోనే ఉన్నది.

గ్యాంగులో సుత్తి పట్టబోయే కుర్రవాని పదో తరగతి కాగితాన్ని నేను కటకందాకా పంపి సరిచూస్తాను. మా అత్త కన్ను కోసినవాని పేరు మాత్రం నాకు తెలియదు.

ఈ గోడు ఒక ఆదివారం ఫోనులో మా పినతండ్రి కూతురితో చెప్పుకొన్నాను. ఆ అమ్మాయి అమెరికాలో, న్యూజెర్సీలో, ఇటువంటి సెంటరులోనే పనిచేస్తున్నది. నర్సు కాబోలు అనుకొనేవాణ్ణి. "కాదు అన్నయ్యా, నీలాగా గుమాస్తానే. నువ్వు గ్యాంగువాళ్ళకు వ్రాసే సర్వీసు రిజిష్టరు నేను డాక్టర్లకు వ్రాస్తాను" అన్నది. డాక్టర్లకు సర్వీసు రిజిష్టరేమిటని నాకు నవ్వు వచ్చింది. తరువాత ఆరేడు ఆదివారాలు ఆ పిల్ల ఓపికగా చెప్పగా, నేను చెవిన వేసుకొన్నదీ, ఆపైన చదివి సరిచూసుకొన్నదీ ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

అక్కడ ఈ పని మూడు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టును క్రెడెన్షియలింగ్ అంటారు. నేను పత్రాలపరీక్ష అని పేరు పెట్టుకొన్నాను. సెంటరులో కోత కోయడానికి ఎవరైనా డాక్టరు దరఖాస్తు పెడితే, ఆయన తెచ్చిన నకళ్ళను మా చెల్లెలు నమ్మదు. చదివిన కాలేజీకీ, లైసెన్సు ఇచ్చిన బోర్డుకూ, ఇదివరకు పనిచేసిన ఆసుపత్రులకూ తానే వ్రాసి అడుగుతుంది. నేను బోర్డుకు వ్రాసినట్లే! ఉద్యోగాల తేదీలు వరుసగా పేర్చి చూస్తుంది. మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీ కనబడితే, "ఆ ఎనిమిది నెలలు ఎక్కడున్నారు?" అని అడుగుతుంది. ప్రొఫెసరైనా సరే జవాబు వ్రాసి ఇవ్వాలి. ఇది కాక ఆ దేశంలో ఒక పెద్ద చిట్టా ఉన్నది. 1986లో చట్టం చేసి, 1990 సెప్టెంబరులో తెరిచారు. ఏ డాక్టరు తరఫున రోగులకు నష్టపరిహారం చెల్లించారో, ఎవరి అనుమతిని ఏ ఆసుపత్రి కత్తిరించిందో అందులో చేరుతుంది. ఒక రాష్ట్రంలో చెడ్డపేరు తెచ్చుకొని మరొక రాష్ట్రానికి మారి కొత్తవానిలాగా బోర్డు కట్టుకోకుండా చేసిన ఏర్పాటు. చిత్రమేమిటంటే, ఆసుపత్రులు మాత్రం రెండేళ్ళకొకసారి ఆ చిట్టాను తప్పక చూడాలని చట్టం. పగటి శస్త్రచికిత్స కేంద్రాలకు చూడవచ్చును అన్నదే గాని, చూసితీరాలి అనలేదు. రోగులకయితే చూసే వీలే లేదు.

రెండవ మెట్టు ప్రివిలేజింగ్. పనిపట్టా అంటే మనకు తెలుస్తుంది. డాక్టరు డాక్టరే, సందేహం లేదు. అయితే ఏ ఆపరేషను చేయడానికి డాక్టరు? సెంటరులో జరిగే ఆపరేషన్లన్నీ ఒక్కొక్క గీతమీద వ్రాసిన జాబితా ఉంటుంది. ఆయన శిక్షణ చూసి, ఈమధ్య ఎన్ని చేశాడో చూసి, గీత గీతకూ అనుమతి ఇస్తారు. శుక్లం తీయడానికి అనుమతి ఉండి, కంటి వెనుకపొరను ముట్టుకోవడానికి లేకపోవచ్చు. మన సభలో రన్నింగు స్టాఫు చాలామంది ఉన్నారు, వారికి ఇది నేను చెప్పనవసరం లేదు. పలాస దారిలో ఇరవై ఏళ్ళు బండి నడిపినవాడైనా సరే, తాల్చేరు దారి ఎరగకపోతే ఒంటరిగా పంపుతారా? పంపరు. ముందు ఆ దారి నేర్చుకొని, నేర్చుకొన్నానని సంతకం పెట్టాలి. తెలిసిన దారైనా సరే, మూడునెలలకు మించి ఆ దారిన నడపకపోతే మళ్ళీ నేర్చుకోవాలి. వంపు ఎక్కడున్నదో, సిగ్నలు ఏ చెట్టు చాటున ఉన్నదో చెయ్యి మరచిపోతుందని. కోతకోసే చెయ్యి మాత్రం మరచిపోదా?

ఇంకొక ముక్క. ఈ అనుమతి ఆ మనిషికీ ఆ చోటుకీ కలిపి ఇచ్చేది. ఒక స్టేషనులో పనిచేసే స్టేషనుమాస్టరు పక్క స్టేషనుకు వెళితే, అక్కడి పనినియమాలు చదివి రిజిష్టరులో సంతకం పెట్టనిదే బండికి లైను ఇవ్వకూడదు. పెద్దాసుపత్రిలో చేయి తిరిగిన డాక్టరయినా ఈ చిన్న సెంటరులో కొత్తవాడే. ఇక్కడి పరికరాలు వేరు, నర్సులు వేరు. ప్రాణంమీదికి వస్తే పరుగెత్తి వచ్చేవారు ఎందరున్నారన్నది వేరు.

ఈ చిన్న సెంటర్లు ఎట్లా పుట్టినాయో రెండు మాటలు. 1970 ఫిబ్రవరిలో అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరాన వాలెస్ రీడ్, జాన్ ఫోర్డ్ అనే ఇద్దరు మత్తుమందు డాక్టర్లు మొదటిది తెరిచారు. చిన్న కోతకు నాలుగురోజులు మంచమెక్కించి బిల్లు వేయడమెందుకు, సాయంత్రానికి ఇంటికి పంపవచ్చు గదా అన్నది వారి ఆలోచన. మంచి ఆలోచనే. 1982నుంచి ముసలివారికి వైద్యఖర్చు ఇచ్చే అక్కడి ప్రభుత్వ పథకం ఈ సెంటర్లకు కూడా డబ్బు చెల్లించసాగింది. చెల్లిస్తూ కొన్ని షరతులు పెట్టింది. ఏ పనికి అనుమతి ఇస్తున్నారో ఆ పనికి డాక్టరు తగినవాడై ఉండాలి. తెలిసినవారి సిఫారసుమీద అనుమతి ఇవ్వాలి. ఇచ్చిన అనుమతిని మధ్యమధ్య తిరిగి తూచాలి. ఇప్పుడు శుక్లాలు, హెర్నియాలు, మోకాటి పనులు, కడుపులోకి గొట్టం దింపి చూడడాలు ఎన్నో అక్కడే జరుగుతున్నాయి. మనదేశంలోనూ అదే దారి. నేను దానికి విరోధిని కాను. మంచాన పడి సెలవులు తగలేసుకోవడం ఎవరికి ఇష్టం?

అయితే ఒక్క తేడా ఉన్నది, నాకు ఈ విషయంలో ముఖ్యమైనది అదే. పెద్దాసుపత్రిలో రోగి రాత్రి అక్కడే ఉంటాడు. రాత్రి నర్సు చూస్తుంది, పొద్దున్న మరొక డాక్టరు చూస్తాడు, పక్కవార్డువాడు గుసగుసలాడుతాడు. ఒకరి చేతిలో తరచుగా తప్పు జరుగుతుంటే పదిమందికి తెలుస్తుంది. పగటి సెంటరులో సాయంత్రం ఆరింటికి దీపాలు ఆర్పుతారు. ఉపద్రవం వస్తే అది మన ఇంట్లో వస్తుంది, అర్ధరాత్రి వస్తుంది. మనం పరుగెత్తేది వేరే ఆసుపత్రికి. కోసిన చేతికి ఆ సంగతి తెలియనే తెలియకపోవచ్చు. మా అత్త కన్ను చీముపట్టిన సంగతి ఆ వచ్చిపోయే డాక్టరుగారికి ఎవరైనా చెప్పారో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. ఆయన మనసులో అది బాగా జరిగిన ఆపరేషనుగానే ఉండిపోయిందేమో. దీనికి తోడు అమెరికాలో ఈ సెంటర్లు చాలావాటికి యజమానులు ఆ డాక్టర్లే. అనుమతి ఇచ్చేవాడూ, పుచ్చుకొనేవాడూ, లాభం పంచుకొనేవాడూ ఒక్కడే అయితే ఫైలుకు విలువేమిటి?

మా అత్తవంటి పేదరాలికే ఇట్లా జరిగింది, డబ్బున్నవారికి జరగదు అనుకోకండి. జోన్ రివర్స్ అని అమెరికాలో పేరుమోసిన హాస్యనటి, 81 ఏళ్ళ మనిషి. 2014 ఆగస్టు 28న గొంతు పరీక్షకోసం న్యూయార్కులో ఒక పగటి సెంటరుకు వెళ్ళింది. ఆమె గొంతు డాక్టరు కూడా వెంట వెళ్ళింది. పరీక్ష మధ్యలో ఊపిరి అందక, మెదడుకు ప్రాణవాయువు లేక, వారంరోజులు తెలివి రాకుండా ఉండి సెప్టెంబరు 4న చనిపోయింది. ప్రభుత్వ తనిఖీదార్లు నవంబరులో బయటపెట్టిన నివేదికలో ఏమున్నదో వినండి. వెంటవచ్చిన డాక్టరుకు ఆ సెంటరులో పనిచేసే అనుమతే లేదు, అయినా ఆ గదిలో రోగిమీద చేయి వేసింది. ముక్కులోనుంచి గొంతు చూసే పరీక్షకు రోగి సమ్మతిపత్రం లేదు. మత్తు ఇవ్వడానికి ముందు రోగి బరువు వ్రాయలేదు. పైగా మత్తులో ఉన్న రోగిని ఎవరో ఫోనుతో ఫోటో తీశారు. ఆ వచ్చిన డాక్టరు చదువులేనిదని ఎవరూ అనలేదు. పేరున్న డాక్టరే. "ఆమెను పరీక్షించడానికి మేమెంతవాళ్ళం" అని అక్కడివారూ అనుకొని ఉంటారు. ఇది చదివినప్పుడు నాకు మా మేనేజరు నవ్వే జ్ఞాపకం వచ్చింది.

ఇక మూడవ మెట్టు పీర్ రివ్యూ, తోటివారి తనిఖీ. అన్నిటికన్న కష్టమైనది ఇది. ఆ పనిలో ఆరితేరిన తోటి డాక్టర్లు కొన్ని కేసుల కాగితాలు తీసి, ఈ ఆపరేషను అవసరమేనా, చేసిన తీరు సరియేనా, ఫలితమేమయింది అని చూడాలి. ఏటా రెండేటా కూడిన ఆ లెక్కనుబట్టే పనిపట్టాను తిరిగి ఇవ్వాలి. ఒక్క డాక్టరే ఉన్న చోట ఏం చేస్తారని చెల్లెలిని అడిగాను. బయటి డాక్టరును పిలిపించాలట.

ఈ ఆలోచన పాతదే. బోస్టనులో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జను ఉండేవాడు. ప్రతి రోగికీ ఒక కార్డు వ్రాసి, సంవత్సరం తరువాత మళ్ళీ పిలిచి, నయమయిందా, కాకపోతే తప్పెవరిది అని వ్రాయాలన్నాడు. అంతటితో ఆగక, ఆసుపత్రిలో ప్రమోషన్లు ఫలితాలనుబట్టి ఇవ్వాలిగాని సీనియారిటీనిబట్టి ఇవ్వకూడదన్నాడు. రైల్వేలో ఆ మాట అంటే యూనియనువారు ఊరుకొంటారా? అక్కడా ఊరుకోలేదు. 1914లో ఆయన ఆ పెద్దాసుపత్రి ఉద్యోగం వదులుకొన్నాడు. అంతకుముందే, 1911లో, సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టి, తన చేతిలో జరిగిన పొరపాట్లను తానే అచ్చువేసి పంచాడు. 337 మంది రోగులు, 123 తప్పులు! ఇట్లా తన తప్పుల పట్టీ తానే అచ్చువేసుకొన్న అధికారిని నేను మా ఆఫీసులో చూడలేదు. కాడ్‌మన్ 1940లో చనిపోతే సమాధిమీద రాయి కూడా లేదు. 2014లో డాక్టర్ల సంఘాలు చేరి రాయి పెట్టించాయి.

ఆయన స్నేహితులు పెట్టిన సర్జన్ల కళాశాల 1918లో పెద్ద ఆసుపత్రులను 692 తనిఖీ చేస్తే, కనీస ప్రమాణాలకు నిలిచినవి 89 మాత్రమే. పేరుమోసినవి కూడా తప్పినాయి. ఆ జాబితా పత్రికలవారి చేతిలో పడుతుందని భయపడి, 1919లో న్యూయార్కులో తాము దిగిన హోటలు కొలిమిలోనే కాల్చివేశారు. కాగితాలు కాల్చే విద్య మనవారొక్కరిదే కాదన్నమాట.

తోటివారి తనిఖీలో ఉన్న చిక్కు మనకు బాగా తెలిసినదే. పట్టాలు తప్పితే అక్కడికక్కడ సూపర్వైజర్లు జాయింటు నోటు వ్రాస్తారు గదా! పట్టాలాయన పెట్టెది తప్పంటాడు. పెట్టెలాయన పట్టాది తప్పంటాడు. సిగ్నలాయన డ్రైవరుది అంటాడు. అందరూ కలిసి సంతకం పెట్టిన నోటయితే, అక్కడ లేనివానిది తప్పని ఉంటుంది! అందుచేతనే ఘోరప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషనరును రైల్వే మంత్రిత్వశాఖ క్రింద ఉంచక, విమానయాన శాఖ క్రింద ఉంచారు. పనితెలిసినవాడు కావాలి, మనవాడు కాకూడదు. డాక్టర్లలోనూ రెండువిధాల ప్రమాదమూ ఉన్నది. స్నేహితులైతే కప్పిపుచ్చుతారు. పోటీదారులైతే గొంతు నొక్కుతారు. ఆరిగన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో పాట్రిక్ అనే సర్జను, అక్కడి డాక్టర్ల క్లినిక్కులో భాగస్వామిగా చేరక వేరే దుకాణం పెట్టుకొంటే, ఆ క్లినిక్కువారే తనిఖీ సంఘంలో కూర్చుని ఆయన అనుమతి తీసివేయబోయారు. ఆయన కోర్టుకెక్కాడు. 1988లో వారి సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఇవన్నీ చూసి తనిఖీయే వద్దనడం తగదు. నావంటివాడికి తోచేది, తనిఖీదారు పేరు కూడా ఫైలులో ఉండాలి.

మరి మనదేశం సంగతేమిటి? మనకు ఈ మూడు మెట్లూ తెలియవనుకోకండి. 2005 మార్చిలో మన సుప్రీంకోర్టు కుటుంబనియంత్రణ ఆపరేషన్ల విషయంలో ఒక ఆజ్ఞ ఇచ్చింది. అవీ పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే ఆపరేషన్లే గదా. అర్హత, అనుభవం చూసి ప్రతి రాష్ట్రమూ డాక్టర్ల జాబితా తయారుచేయాలి, ఆ జాబితాలో పేరున్నవారే ఆపరేషను చేయాలి, చావులూ ఉపద్రవాలూ లెక్కవ్రాసి కమిటీ విచారించాలి, తప్పుచేసినవారి పేరు జాబితానుంచి కొట్టివేయాలి అన్నది. మా చెల్లెలు చెప్పిన మూడూ అందులో ఉన్నాయి.

కాగితంమీద ఉన్నాయి. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లో బిలాసపురం దగ్గర, వాడకంలేని ఒక ఆసుపత్రి భవనంలో, ఒక్క సర్జను కొద్ది గంటలలో 83 మంది ఆడవారికి ఆపరేషను చేశాడు. రోజుకు ముప్పయి మించరాదని కేంద్రంవారి నియమం. పదిమందికి పైగా చనిపోయారు. ఇచ్చిన మందుల దోషమా, శుభ్రత లోపమా అని తరువాత చాలా వాదాలు జరిగాయి. నాకు గుచ్చుకొన్నది ఇంకొకటి. వేలకు వేలు ఆపరేషన్లు చేశాడని అంతకుముందే ఆయనకు ప్రభుత్వం సన్మానం చేసింది. ఎన్ని చేశాడో లెక్కపెట్టారు. చేయించుకొన్నవారు ఎట్లా ఉన్నారో ఎవరైనా లెక్కపెట్టారా? 2016లో సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలో ఎత్తివేయమన్నది. 2022 ఆగస్టు 25న మన తెలుగుదేశంలోనే, తెలంగాణలో ఇబ్రహీంపట్నంలో, ఒక్కరోజున 34 మందికి చేస్తే నలుగురు తల్లులు పోయారు.

ప్రైవేటు సెంటర్లలో ఈ ఫైళ్ళు పెట్టమని చెప్పేది ముఖ్యంగా 2005లో ఏర్పడిన ఎన్.ఎ.బి.హెచ్. అనే గుర్తింపు సంస్థ. ఆ గుర్తింపు కోరుకొన్నవారు ప్రతి డాక్టరు పత్రాలూ సరిచూసి, ఎవరు ఏ పని చేయవచ్చునో వ్రాసి ఉంచాలి. కోరుకోనివారి మాట వేరు. కాబట్టి ప్రస్తుతానికి ఆ గుమాస్తాపని కొంత మనమే చేసుకోవాలి. అది పెద్ద విద్య ఏమీ కాదు. డాక్టరు తన రిజిస్ట్రేషను నంబరును క్లినిక్కులోనూ, చీటీమీదా, సర్టిఫికెట్టుమీదా, డబ్బు రసీదుమీదా చూపించాలని 2002 నాటి నియమావళిలోనే ఉన్నది. రోగి అడిగితే 72 గంటలలో కేసుకాగితాలు ఇవ్వాలనీ ఉన్నది. ఇవి నాకు ఐదేళ్ళ క్రిందట తెలియవు. నంబరు తెలిస్తే జాతీయ వైద్య కమిషనువారి రిజిష్టరులో, రాష్ట్ర కౌన్సిలు రిజిష్టరులో పేరు వెదికి చూడవచ్చు. మన పిల్లలు ఫోనులో క్షణంలో తీసి ఇస్తారు. ఇది మొదటి మెట్టు మాత్రమే. బోర్డుమీది పేరు అడిగి ఊరుకోక, "నా ఆపరేషను స్వయంగా ఎవరు చేస్తారు? ఈ ఆపరేషను చేయడానికి ఈ సెంటరు వారికి వ్రాసి అనుమతి ఇచ్చిందా? ఇంటికి వెళ్ళిన తరువాత ఏదైనా అయితే మీకు ఎట్లా తెలుస్తుంది, తెలిస్తే ఎవరు కూర్చుని చూస్తారు?" అని అడగాలి. చేతులు కట్టుకొని, మెల్లగా, అయినా అడగాలి. మనలో చాలామందికి డాక్టరును ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించినట్లు ఉంటుంది. టిక్కెట్టు కలెక్టరును మాత్రం పదిప్రశ్నలు వేస్తాము!

ఇప్పుడు మా అత్త ఎడమకంటికి శుక్లం వచ్చింది. ఉన్నది ఆ ఒక్క కన్నే. ఏడాదిగా "వద్దురా, ఉన్నన్నాళ్ళు ఈ మసకే చాలు" అంటూ వచ్చింది. ఈ నాలుగు నెలలలో మేము మూడు చోట్లకు వెళ్ళాము. ఒకచోట నా ప్రశ్నలు విని, "మీరేమైనా పోలీసులా?" అన్నారు. రెండవచోట రంగురంగుల పుస్తకం ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. మూడవది విశాఖపట్నంలో. అక్కడి గుమాస్తా, నాకన్న పెద్దవాడు, లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చి ఒక్క పేజీ తెరిచి చూపించాడు. డాక్టరు పేరు, ఆపరేషన్ల వరుస, ఎదురుగా గుర్తులు, ఇద్దరి సంతకాలు, తిరిగి చూడవలసిన తేదీ. ఫైలు టాగు కట్టిన తీరు చూస్తేనే మనవాడనిపించింది. తరువాత డాక్టరుగారు వచ్చారు. చిన్నవాడే. అత్త ఎదురుగానే నేను మూడవ ప్రశ్న అడిగాను. ఆయన కొంచెంసేపు ఆగి, "పోయిన సంవత్సరం నా చేతిలో ఇద్దరికి చీము పట్టిందండీ. ఒకరికి చూపు దక్కింది, ఒకరికి దక్కలేదు. రెండు కేసులూ బయటి డాక్టర్ల ముందు పెట్టాము" అని చెప్పారు.

నేను బెదిరిపోయాను. అత్త ఇక లేచి వచ్చేస్తుందనుకొన్నాను. బయటికి వచ్చి బెంచీమీద కూర్చుని, "ఇద్దరని లెక్క చెప్పాడు గదరా. ఇతనిచేతే చేయించుకొంటాను" అన్నది. "అత్తా, ఇంకొకచోట కూడా అడుగుదాము" అంటే, "నా కన్ను కూడా నీ ఫైల్లో కట్టేస్తావేట్రా?" అన్నది.

డాక్టరుగారు వచ్చే మంగళవారం రమ్మన్నారు. మంగళవారం కత్తి ముట్టనని ఆమె ససేమిరా అన్నది. గురువారానికి మార్పించాము. నేను పాసు వ్రాయించాను.